ఎత్తుమడి కట్టుటకు ముందు నీటిదారి చూడవలెను

కొత్త యిల్లు కట్టుకొన్న వారికి గృహప్రవేశమైన మరునాటి నుండియే పెరటి మీదికి మనసు పోవుట సహజము. ఒక తోటకూర మడి, నాలుగు వంగ మొక్కలు, ఒక బీరపాదు ఉన్నచో ఇల్లు నిండుగా కనిపించును. ఇటీవల ఈ కోరికతో పాటు ఎత్తుమళ్ళ మోజు కూడ పల్లెలకు వచ్చినది. ఎవరి యింటనో చూచివచ్చి, పెరటిలో ఇటుకతో తొట్లవంటివి కట్టించి, ఎక్కడినుండియో మన్ను తోలించి నింపి, పెరటితోట సిద్ధమైనదని సంతోషించువారు పెరుగుచున్నారు.

ఎత్తుమడి మంచి సాధనమే. కాని ప్రతి సాధనమునకు ఒక పని యుండును. వేళ్ళ దగ్గర నిలిచిన నీటిని తీసివేయుట ఎత్తుమడి పని. నీరు నిలుచు పెరటిలో అది మొక్కను కాపాడును. నీరు నిలువని పెరటిలో ఆ ఎత్తే మొక్కను ఎండబెట్టును. కావున నా అభిప్రాయమిది: ముందు నీరు పోవు దారిని చూడవలెను, తరువాత నీరు మోయు చేతులను లెక్కించవలెను, ఆ పిమ్మటనే మడి కొలతలు గీయవలెను. ఆ మడిని కూడ మీ పెరటి మన్నుతోనే వేయవలెను. ఇటుకకు, తోలుడు మన్నుకు చేయు ఖర్చు చాల యిండ్లలో అనవసరము.

ఇంత చిన్న సంగతికి ఇంత పట్టుదల ఎందుకు?

పెరటి మడి చిన్నదే, కాని దానిమీద ఆధారపడినది చిన్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 సంవత్సరముల వయసుగల స్త్రీలలో రక్తహీనత కలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో నూటికి 57.6. ఆకుకూర ఒక్కటే ఈ జబ్బును మాన్పునని చెప్పుట సరికాదు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టునది కొంతయే. నిమ్మరసము వంటిది తోడైనచో అది కొంత పెరుగును. అయినను సంతనాడు తప్ప ఆకుకూర కంటబడని యింట, పెరటిలో రోజూ గిల్లుకొను తోటకూర, గోంగూర, పాలకూర ఉండుట ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

మరొక సంగతి గమనించుడు. పెరటితోట మొదటి సంవత్సరము చెడిపోయినచో, ఆ యింటివారు రెండవసారి ప్రయత్నించుట అరుదు. "మా మన్నుకు కూరలు రావు" అను మాట స్థిరపడిపోవును. ఖర్చుపెట్టి కట్టిన తొట్టి వంటచెరకు పెట్టుకొను చోటగును. చెడినది మన్ను కాదు, మడి పద్ధతి. ఈ తేడాను చెప్పువారు లేకపోవుటచేత ఒక కుటుంబము ఏండ్ల తరబడి ఆకుకూర పోగొట్టుకొనును.

ఎత్తుమడి మనకు కొత్తది కాదు

మిరప, పొగాకు నారు పెంచు రైతులకు ఎత్తైన నారుమళ్ళ గుణము తెలిసినదే. వాన కురిసి నీరు నిలిచినచో మన్నులోని సందులన్నియు నీటితో నిండిపోయి వేళ్ళకు గాలి అందదు. నారుకుళ్ళు తెగులు పుట్టి లేతనారు ఒక్క రాత్రిలో పడిపోవును. మడిని కొన్ని అంగుళములు ఎత్తుచేసి చుట్టును కాలువ తీసినచో ఆ నీరు జారిపోవును. నారుమడికి ఎత్తు ఇచ్చుట అందుకే.

పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో నల్లరేగడి భూములకు ఇదే సూత్రమును పెద్ద ఎత్తున అమలు చేసి చూపిరి. సుమారు ఒక మీటరు వెడల్పు మడి, దాని ప్రక్కన అర మీటరు కాలువ, ఆ కాలువకు నూరడుగులకు ఇంచుమించు అర అడుగు వాలు; ఇదియే ఆ పద్ధతి. వారు ఇటుక వాడలేదు, మన్ను తోలలేదు. కాలువలో తీసిన మన్నే మడి అయినది. వారి శ్రద్ధ అంతయు కాలువ వాలు మీదనే. మన పెరడుకు పాఠము అక్కడనే యున్నది.

మీ పెరడు ఏ కోవకు చెందినది?

దీనిని తెలిసికొనుటకు ఒక గునపము, రెండు బిందెల నీరు చాలును. పెరటిలో అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నీరు నింపుడు. అది ఇంకిన తరువాత మరల నింపుడు. రెండవసారి పోసిన నీరు మరునాటికి కూడ గోతిలో మిగిలియున్నచో అది నీరు నిలుచు నేల, ఎత్తుమడి తప్పనిసరి. ఒక గంటలోనే మాయమైనచో ఎత్తుమడి అక్కరలేదు. పల్లపు మడి కావలెను. ఈ రెంటికి నడుమ నున్నచో మూడు నాలుగు అంగుళముల ఎత్తు చాలును.

నల్లరేగడి నేలలలోను, కృష్ణా గోదావరి డెల్టా గ్రామములలోను, జాలుపట్టు పెరళ్ళలోను ఎత్తుమడి వర్షాకాలమున ప్రాణము నిలుపును. ఎర్ర చల్కలలో నీరు త్వరగా దిగిపోవును గనుక వానకాలమునకు తక్కువ ఎత్తు చాలును. పాత అనంతపురం జిల్లా వంటి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు మెట్టప్రాంతములో అడుగు ఎత్తు తొట్టి కట్టుట పోసిన నీటిని ఎండకు అప్పగించుటయే. బాపట్ల, చీరాల వైపు సముద్రతీరపు ఇసుకనేలలలో మడిని నేలమట్టమునకు మూడు నాలుగు అంగుళములు దించి, పశువుల ఎరువు, చెరువు మట్టి కలిపి, చుట్టు చిన్న గట్టు వేయుట మేలు.

చవుడు పెరడు వేరు. అక్కడ ఎత్తుమడి మేలే గాని, ఉప్పు తడితో పాటు పైకెక్కి మడి నడినెత్తిన తెల్లగా పేరుకొనును. కావున మొక్కను మడి నడుమ నాటక అంచున, వాలు భుజము మీద నాటవలెను.

కొత్త యిండ్ల పెరళ్ళకు మరొక చిక్కు గలదు. ఇల్లు కట్టునప్పుడు లారీలు తిరిగి నేల గట్టిపడియుండును. పల్లపు స్థలమైనచో మొరము తోలియుందురు. సున్నము, సిమెంటు, ఇటుక ముక్కలు పైమన్నులో కలిసియుండును. ఆ సున్నపు పాలు ఎక్కువైన చోట లేత ఆకులు ఈనెలు పచ్చగా నుండి నడుమ పసుపుపచ్చగా మారును. ఎంత ఎరువు వేసినను మొక్క తేరుకొనదు. అట్టి చోట ముందుగా చేయవలసినది మడి కట్టుట కాదు. ఆ చెత్తను ఏరి బయట వేసి, గట్టిపడిన నేలను పలుగుతో అడుగు లోతు కదపుట. గట్టి నేలపై మడి ఎంత ఎత్తు వేసినను అడుగున పళ్ళెములో నీరు పోసినట్లు నిలిచిపోవును.

ఇటుక తొట్టి లెక్క

మూడున్నర అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, ఒక అడుగు ఎత్తుగల మూడు ఇటుక తొట్లు కట్టుదుమనుకొందము. గోడల పొడవు మొత్తము 81 అడుగులు. ఒకవరుస ఇటుకతో కట్టినను సుమారు 400 ఇటుకలు కావలెను. నింపుటకు 105 ఘనపుటడుగుల మన్ను, అనగా ఇంచుమించు నాలుగు టన్నుల బరువు తోలవలెను. ఆ మన్ను ఎక్కడినుండి వచ్చును? చాలసార్లు ఎవరి పొలమునుండియో గీకిన పైమన్నే వచ్చును. ఒక పెరడు పండించుటకు ఒక చేనును బీదపరచుట న్యాయము కాదు.

నల్లరేగడిలో ఇంకొక నష్టము. ఆ నేల వానకు ఉబ్బి ఎండకు పగులును. పునాది లేని చిన్న గోడ ఒకటి రెండు సంవత్సరములలో బీటలు వారి ప్రక్కకు వంగును.

ఇటుక తొట్టి ఎవరికిని పనికిరాదని నా వాదము కాదు. పెరడు రాతిబండ అయినచోట, సిమెంటు చేసినచోట వేరు దారి లేదు. నడుము వంగని వృద్ధులకు గోడ మీద కూర్చుండి కలుపు తీయుటకు ఎత్తైన తొట్టి ఎంతో వీలు. అట్టి అవసరమున్నవారు కట్టుకొనవలసినదే. అడుగున నీరు పోవు రంధ్రములు విడుచుట మరువరాదు. తక్కినవారు ఆ డబ్బును మంచి విత్తనమునకు, ఎరువుకు, కోళ్ళు మేకలు రాకుండ కంచెకు వెచ్చించుట మేలు. కంచె లేని ఎత్తుమడి కోళ్ళకు విందు.

మడి వేయు విధము

మొదట ఒక పెద్ద వాన కురియుచున్నప్పుడు పెరటిలో నిలిచి చూడుడు. చూరు నీరు ఎక్కడ పడుచున్నది, ఎటు పోవుచున్నది, ఎక్కడ ఆగుచున్నది గమనించి కాగితముపై గీసికొనుడు. నీరు పల్లమెరుగునని పెద్దల మాట. మనము ఆ పల్లమును తెలిసికొనవలెను. దారులు ఆ పల్లమువైపు వాలునట్లు మళ్ళు అమర్చవలెను. చివర చేరు నీటిని పొరుగువారి గోడకో వీధికో వదలక, ఒక ఇంకుడుగుంటకు గాని అరటి, చేమ మొక్కల పాదులకు గాని మళ్ళించవలెను.

రోజులో కనీసము ఆరు గంటలు ఎండపడు చోటును ఎన్నుకొనుడు. కొబ్బరి, వేప చెట్ల మొదళ్ళకు దూరముగా ఉండవలెను. తడి, ఎరువు ఉన్నచోటికి వాటి వేళ్ళు వెదకుకొని వచ్చును. వంటయింటి తలుపుకు దగ్గరగా నున్న మడి బాగుపడును; కనుమరుగైన మడి కలుపు పాలగును.

వెడల్పు మూడున్నర అడుగులకు మించరాదు. ఇరువైపుల నుండి చేయి చాచినచో నడుమకు అందవలెను; మడిపై కాలు మోపు అవసరము రాకూడదు. కాలు మోపిన మడి తిరిగి గట్టినేల అగును. గోడకు ఆనించి వేయు మడికి రెండడుగుల వెడల్పు చాలును. మడికి మడికి నడుమ అడుగున్నర దారి ఉండవలెను. పది అడుగుల పొడవున మూడు మళ్ళు, చుట్టు దారులు కలిపి అర సెంటు స్థలములో ఇమిడిపోవును.

రోహిణి కార్తెలో నేలను అడుగు లోతు తవ్వి ఎండనిచ్చి, తొలకరి పడి మన్ను పదునైన తరువాత మళ్ళు తీర్చుట మంచిది. తాడు కట్టి గుర్తులు పెట్టి, దారిలోని మన్నును నాలుగు అంగుళముల లోతున తీసి ప్రక్క మడిమీద వేయుడు. దారి నాలుగు అంగుళములు దిగును. మడి సుమారు రెండు అంగుళములు లేచును. వెరసి ఆరు అంగుళముల తేడా ఏ ఖర్చు లేకుండ వచ్చినది. ఒక్కొక్క మడికి బాగుగా చివికిన పశువుల ఎరువు 15 కిలోలు, వేపపిండి అరకిలో కలిపి పారతో తిరగవేసినచో మన్ను గుల్లబారి మరి అంగుళము పెరుగును. అంచులను నిటారుగా గాక వాలుగా తట్టుడు. వాన కోత ఎక్కువైన చోట తాండూరు బండల ముక్కలో, కడప బండల ముక్కలో, తాటి మొద్దులో ఆనించవచ్చును. మెత్తని చెక్కపలకలు చెదలకు ఆహారమగును.

పది అడుగుల దారికి అర అంగుళము వాలు చాలును. బిందెడు నీరు ఎగువన పోసి చూడుడు. అది తొందరపడక, ఆగక దిగువకు నడచినచో మీ పని సగము ముగిసినట్లే.

నీరు మోయునది ఎవరు?

ఈ ప్రశ్న ఏ పథకములోను కనిపించదు; పెరటితోట బ్రతుకు మాత్రము దీనిమీదనే యున్నది. పైన చెప్పిన మూడు మళ్ళకు చలికాలములో రోజుకు సుమారు 40 లీటర్లు, ఎండలు ముదిరినప్పుడు 60 లీటర్ల నీరు కావలెను. అనగా మూడు నాలుగు బకెట్లు. ఆ బకెట్లు మోయునది చాల యిండ్లలో ఇల్లాలే. అప్పటికే తాగునీరు, వంటపని, పశువులు, కూలిపని ఆమెమీద నుండగా, ఆమెను అడుగక పది మళ్ళు గీయుట తగదు. మడి ఎక్కడ వేయవలెను, ఎన్ని వేయవలెను, ఏమి విత్తవలెను అను మూడింటను మొదటి మాట ఆమెదే కావలెను. మూడు మళ్ళు కూడ ఎక్కువనుకొన్నచో ఒకటితోనే మొదలిడుడు.

బియ్యము, కూరలు కడిగిన నీరు మళ్ళకు పనికివచ్చును. సబ్బు నీటిని ఆకుకూరలకు పోయక అరటి పాదుకు మళ్ళించుడు. మడిపై రెండు అంగుళముల మందమున వరిగడ్డి గాని, వేరుశనగ పొట్టు గాని, ఎండాకులు గాని కప్పినచో తడి ఎక్కువ దినములు నిలుచును. వేసవిలో ఎత్తుమడి అన్నిటికంటె ముందు ఎండునని మరువరాదు. అప్పుడు దిగువనున్న దారిలో ఎరువు వేసి విత్తి, ఎత్తుమడిని విశ్రాంతిగా విడుచుట తెలివైన పని. వానకాలములో కాలువగా పనిచేసిన దారియే వేసవిలో మడి అగును.

ఆశను కొలిచి పెట్టుకొందము

పెరటిలో అన్ని కూరగాయలును పండునని చెప్పి జనులను ప్రోత్సహించుట సరికాదు. ఎకరమునకు పది టన్నుల మంచి దిగుబడి అనుకొన్నను, పావు సెంటు మళ్ళలో ఒక పంటకు వచ్చునది 24 కిలోలు. నాలుగు నెలలకు పంచినచో రోజుకు 200 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు కనీసము 400 గ్రాముల పండ్లు, కూరగాయలు ఉండవలెనని చెప్పుచున్నది. ఐదుగురున్న యింటికి అది రెండు కిలోలు. మన మళ్ళు అందులో పదియవ వంతు మాత్రమే ఇచ్చును.

అందుచేత ఆ పదియవ వంతు ఏది కావలెనో తెలిసి ఎన్నుకొనవలెను. సంతలో తెచ్చి నిలువ ఉంచుకొనగల దుంపలకు, గుమ్మడికి మడిని వెచ్చించరాదు. కోసిన పూటే వండదగిన ఆకుకూరలకు మొదటి స్థానమీయవలెను. తోటకూర విత్తిన నెల లోపల చేతికి వచ్చును. ఒక మడిని మూడు భాగములు చేసి, పదిహేను దినములకొక భాగము చొప్పున విత్తినచో వరుస తెగదు. రెండవ మడిలో వంగ, టమాట, మిరప. మూడవ మడిలో బెండ, గోరుచిక్కుడు. బెండకు పల్లాకు తెగులు తట్టుకొను ఆర్క అనామిక వంటి రకము మంచిది. మరుపంటకు ఈ మూడింటి స్థానములు మార్చవలెను. బీర, ఆనప, కాకర పాదులను ఉత్తరపు అంచున తవ్వి పందిరి ఎక్కించినచో చలికాలములో వాటి నీడ మళ్ళపై పడదు. మునగ, కరివేపలకు మడి అక్కరలేదు. కంచె ప్రక్క నాటుడు.

గ్రామాధికారులకు ఒక మనవి

మీలో చాలమంది పెరటితోటల కొరకు శ్రమించుచున్నారు. మీరు విత్తనముల పొట్లములు ఎన్ని పంచిరి, మళ్ళు ఎన్ని కట్టించిరి అను లెక్కలు పైకి పంపవలసియుండును. ఆ లెక్కలు అవసరమే. వాటి ప్రక్కన మరొక గడి గీయుడు: నిరుడు వేసిన మళ్ళలో ఈ సంవత్సరము ఎన్నిటిలో పచ్చని మొక్క ఉన్నది? మఖ, పుబ్బ కార్తెల వానలలో ఒకసారి, మరల వేసవిలో ఒకసారి ఆ పెరళ్ళకు వెళ్ళి చూచినచో, ఎత్తుమడి ఏ వీధిలో నిలిచినది, ఏ వీధిలో ఎండినది మీకే తెలియును. ఊరంతటికి ఒకే కొలత పంపుటకంటె, గోతిలో నీరు పోసి చూచు పరీక్షను పది యిండ్లలో చేయించుట గొప్ప సేవ.

రైతు సోదరులారా, సోదరీమణులారా! చేను వేయునప్పుడు నేలను చూడక విత్తనము చల్లు రైతు మనలో లేడు. పెరడు చిన్నదని ఆ తెలివిని గుమ్మము బయట విడువరాదు. ఈ వాననాడు పెరటిలో నిలిచి నీరు ఎటు పోవుచున్నదో చూడుడు. ఆ దారి తెలిసినచో మడి ఎంత ఎత్తు ఉండవలెనో మీ నేలయే చెప్పును.